రెండు వేళ్ళ రేకు

శనివారం పొద్దున టైర్లు వచ్చాయి. నాలుగూ కొత్తవి, నాలుగూ నల్లగా నిగనిగలాడుతున్నాయి, నాలుగూ మా బండికి పెద్దవి.

మా బండి పేరు మిడత. ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో పదకొండు మందిమి ఏడాదిగా కిందా మీదా పడి కట్టిన బగ్గీ అది. ఇనుప గొట్టాల పంజరం, నడుమ ఒకే ఒక్క సీటు, వీపు వెనక గోల చేసే చిన్న ఇంజను. రోడ్డు మీద తిరగదు, తిరగనివ్వరు కూడా. రాళ్ళలో, గుంతల్లో, బురదలో గెంతడానికే పుట్టింది కాబట్టి మిడత అని పేరు పెట్టాం. గురువారం వికారాబాద్ దగ్గర కాలేజీల మధ్య పోటీ. బుధవారం పొద్దున్నే బండిని వ్యాన్‌లో ఎక్కించాలి.

టైర్లు ఆర్డర్ చేసింది మా కెప్టెన్ శశిభూషణ్. హబ్సిగూడలో ఉంటాడు, క్లాసులో ఫస్ట్, చొక్కా ఎప్పుడూ టక్ చేసి ఉంటుంది. ఇరవై మూడు అంగుళాలవి కావాల్సి ఉంటే ఫోన్‌లో ఇరవై అయిదు మీద వేలు పెట్టాడు. ఆ సంగతి ఒప్పుకుంటే అతను శశి ఎందుకవుతాడు?

“ఇది కావాలనే చేశాను. టైరు పెద్దదైతే బండి ఎత్తు పెరుగుతుంది, రాళ్ళు కింద తగలవు. చాలా ఆలోచించాను,” అన్నాడు.

“ఆలోచించి నొక్కినవా, నొక్కినంక ఆలోచించినవా?” అని నవత అడిగింది. నవత మా వెల్డర్. పంజరంలో సగం అతుకులు ఆమెవే. ఆమె మాట కూడా వెల్డింగే, సూటిగా చూస్తే కళ్ళు మండుతాయి.

నిజం చెప్పొద్దూ, పెద్ద టైర్లు వేశాక మిడతకు ఠీవి వచ్చింది. చిక్కల్లా ముందు చక్రాలు తిప్పినప్పుడే. వర్క్‌షాపులో మాకు పని నేర్పే దానియేలు సార్ ముక్కు మీదికి అద్దాలు జార్చుకుని చూశాడు.

“ఉత్తగ చూస్తె తెల్వదు. క్లాసుల కెళ్ళి సుద్దముక్క పట్కరాండ్రి.”

టైరు భుజాలకు దిట్టంగా సుద్ద పూయించాడు. ఒక ముందు చక్రం కింద ఇటుకలు పేర్చి లేపించాడు. ఇద్దరు బరువైనవాళ్ళను ముందు గొట్టం మీద కూర్చోబెట్టి, స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిప్పించాడు. అందరూ దిగాక వంగి చూస్తే, చక్రం మీద గొడుగులా వంగి ఉండే రేకు, ఫెండర్, లోపలి అంచున తెల్లగా సుద్ద అంటుకుని ఉంది. రెండో వైపూ అదే తంతు. వెనక రెండు ఫెండర్లకూ ఏమీ తగల్లేదు.

“ముందటియి రెండు, రెండేసి వేళ్ళ రేకు కొయ్యాలె. కొయ్యకుంటె మొదటి మలుపులనే టైరు చినుగుతది,” అన్నాడు సార్.

అందరూ నా వైపు తిరిగారు.

“కరుణా, ఇది నీ పనే,” అన్నాడు శశి. “నీ చేత్తో చేసినవి కదా, ఇంకొకళ్ళు ముట్టుకుంటే పాడైపోతాయి. సోమవారానికి కోసి తెచ్చేస్తావుగా?”

“మరి!” అన్నాను.

ఆ “మరి” అనే మాట ఉందే, అది నా కొంప ముంచింది. మొదటిసారి కూడా అదే అన్నాను.

రెండు నెలల కిందటి మాట. ఆ ఫెండర్లు నాలుగూ చేసింది నేను కాదు, మా నాయిన. తార్నాక మెయిన్ రోడ్డు వెనక సందులో రేకుల షెడ్డు కింద మా నాయిన లక్ష్మయ్యది డెంటింగ్ పని. బోర్డు బదులు ఒక పాత కారు తలుపు వేలాడుతూ ఉంటుంది, దాని మీద పేరు. సొట్టలు పడ్డ బండి ఏదైనా ఆయన చేతి కింద పడితే పుట్టినప్పటి ఒంపు తిరిగి వస్తుంది. మా బగ్గీకి ఫెండర్లు కావాలని చెబితే, మూల పడి ఉన్న పాత వ్యాన్ పైకప్పు రేకు తీశాడు. పదకొండు సాయంత్రాలు కూర్చున్నాడు. ఇసుక సంచి మీద పెట్టి కొయ్య సుత్తితో గుంత తీసి, తర్వాత ఇనుప సుత్తితో నునుపు చేశాడు. నా వంతు పని డాలీ పట్టుకోవడం. అంటే, దెబ్బ పడే చోట రేకు వెనక ఆనించి పట్టుకునే ఇనుప దిమ్మ. పట్టుకున్నాను. అంతే.

పని అయ్యిందా లేదా అన్నది మా నాయిన కళ్ళతో చూడడు. భుజం మీది గుడ్డను రేకు మీద పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నెమ్మదిగా జరుపుతాడు. కంటికి కనబడని ఎత్తుపల్లాలు గుడ్డ కింద చేతికి తెలుస్తాయట. నాలుగు ఫెండర్ల మీదా చెయ్యి ఎక్కడా ఆగలేదు.

వాటిని ఆటోలో వేసుకుని క్యాంపస్‌కు తెచ్చిన రోజు శశి నోరు తెరుచుకుని చూశాడు. “అబ్బ! ఇవి నువ్వు చేశావా?” అన్నాడు. నా నోరు “మా నాయిన చేసిండు” అనాల్సింది. “మరి!” అంది.

మా నాయిన డెంటర్ అని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. టీమ్ అందరికీ తెలిసిన సంగతే అది. సిగ్గుపడి దాచి ఉంటే అది వేరే కథ అయ్యేది. నాది శుద్ధమైన దొంగతనం. అప్పటికి పది నెలలుగా ఆ వర్క్‌షాపులో నట్లు ఏరడం, స్పానర్లు అందించడం తప్ప నా పేరు చెప్పుకునే పని ఒక్కటీ లేదు. ఒక్కసారి ఆ “అబ్బ” నా కోసం వచ్చేసరికి తీసి జేబులో వేసుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మా టీమ్‌లో ఒక రూల్ ఉంది. బండిలో ఎవరి చేతిపని ఎక్కువ ఉంటే పోటీలో బండి నడిపేది వాళ్ళే. రూల్ పెట్టింది శశి. వెల్డింగ్ నవతతో పాటు ఇంకో ముగ్గురు చేశారు, ఫెండర్లు మాత్రం కరుణ ఒక్కతే చేసింది కాబట్టి సీటు కరుణది అని తేల్చాడు. నవత వచ్చి నా భుజం తట్టి వెళ్ళింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఆ సీటంటే నాకు ప్రాణం. రెండు నెలల్లో క్యాంపస్ వెనక రాళ్ళ మైదానంలో ఎన్ని రౌండ్లు కొట్టానో లెక్కలేదు. మిడత గుంతలోంచి పైకి లేచినప్పుడు కడుపులో ఒక్క క్షణం ఏమీ ఉండదు, ఆ క్షణం కోసం నేను ఏమైనా చేస్తాను. కాబట్టి ఇప్పుడు నాకు కావాల్సింది ఒక్కటే. మా నాయిన గుట్టు చప్పుడు కాకుండా రెండు వేళ్ళ రేకు కోసి ఇవ్వాలి.

ఆదివారం పొద్దున్నే ముందు ఫెండర్లు రెండూ పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. మా నాయిన ఎవరిదో స్కూటర్ డొప్ప సరిచేస్తున్నాడు.

“మల్ల తెచ్చినవేంది బిడ్డా? ఏడన్న తాకిచ్చిన్రా?”

“తాకియ్యలె నాయినా. టైర్లు పెద్దయి వచ్చినయ్. రెండేసి వేళ్ళు కొయ్యాలె.”

“టైర్లు చిన్నయి ఏస్కోండ్రి.”

“వాపస్ తీస్కోరట.”

ఆయన ఫెండర్ అందుకుని అటూ ఇటూ తిప్పాడు. మేం ఫెండర్ అనేదాన్ని ఆయన మడ్‌గాడు అంటాడు. “మడ్‌గాడుకు దెబ్బ ఏడున్నది?”

“దెబ్బ లేదు.”

“లేకపోతె నేను ముట్ట,” అని తిరిగి నా చేతిలో పెట్టాడు.

ఇది మా నాయినకు కొత్త కాదు. కొత్త జీపులు కొనుక్కున్న కుర్రాళ్ళు వచ్చి, పెద్ద టైర్లకు చోటు కావాలి, అంచులు కోసి పెట్టమని బతిమాలుతుంటారు. అందరికీ ఒకటే జవాబు. దెబ్బ తిన్నదాన్ని చేతపడతా, బాగున్నదాన్ని ముట్ట. జనగామ పక్క పల్లెలో నాగలి వదిలి పదహారేళ్ళకు ఈ పనిలోకి వచ్చినప్పుడు ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ పెట్టిన ఆన అది. బాగున్న బండి రేకు మీద కత్తెర పెడితే చెయ్యి పాడవుతుందట. పాతికేళ్ళ పైన అయింది, ఒక్కసారి తప్పలేదు.

“నాకోసం కూడ ముట్టవా?”

“నువ్వు నా బిడ్డవే గని, రేకుకు తెల్వదు గద.”

“ఇంత జిద్దు ఎందుకు నాయినా నీకు!”

“నీకెంత ఉన్నదో గంతే.”

నాకు ముందే కోపం ఎక్కువ. కోపం వచ్చినప్పుడు నోట్లోంచి ఏం వస్తుందో నాకే తెలియదు. “రేపు ఇయ్యాలె నాయినా! అవ్వి నేనే చేసిన అనుకుంటున్నరు ఆళ్ళంత!” అని అరిచేశాను.

సుత్తి ఆగింది. మా నాయిన స్కూటర్ డొప్పను నెమ్మదిగా కింద పెట్టాడు. ఆయన కోపం ఎలా ఉంటుందో నాకు తెలుసు, నాకొచ్చింది ఆయన దగ్గర్నుంచే. తల దించుకుని నిలబడ్డాను.

“ఏమన్నరు?” అన్నాడు.

“ఎవరు?”

“మీ కాలేజోళ్ళు. మడ్‌గాడ్లు చూసి ఏమన్నరు?”

“మస్తున్నయ్ అన్నరు. మా దానియేలు సార్ అయితె మిషన్ మీద తీసినట్టున్నయ్ అన్నడు.”

“మిషన్ మీదనా,” అన్నాడు. ఆ మాట నచ్చిందో లేదో ఆయన ముఖం చూస్తే తెలియలేదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత గోడకు వేలాడుతున్న రేకు కత్తెర తీసి నాకు అందించాడు. “నువ్వు చేసినవంటె నమ్మిన్రంటే, నువ్వు చెయ్యగలవని నమ్మినట్టే గద. చెయ్యి మరి.”

స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. ఎదురు హోటల్ వైపు రెండు వేళ్ళు చూపించి రెండు చాయ్‌లు అని సైగ చేశాడు. ఆ నింపాదితనం చూస్తే ఒళ్ళు మండింది. రెండు వేళ్ళు కొలిచి గీసిన సుద్ద గీత దగ్గర కత్తెర పెట్టి కసకసా కోసుకుంటూ పోయాను. చాయ్ రాకముందే అయిపోయింది. కోసిన ఫెండర్‌ను ఎత్తి, చూడు అన్నట్టు ఆయన ముఖం ముందు పెట్టాను.

పెట్టగానే అది గడగడా వణికింది. నా చెయ్యి వణకడం కాదు, రేకే వణికింది. అంతకు ముందు రాయిలా బిగుసుకుని ఉన్నది ఇప్పుడు అట్ట ముక్కలా ఊగుతోంది. అంచు బొటనవేలిని గీసింది కూడా.

“వైరేది?” అన్నాడు మా నాయిన.

“ఏ వైరు?”

ఆయన కింద పడ్డ ముక్కను తీసి చివర పట్టకారుతో విప్పాడు. మడత లోపల సన్నటి ఇనుప తీగ. రేకు అంచు ఊరికే మడిచింది కాదు, తీగను లోపల పెట్టి దాని చుట్టూ చుట్టింది. ఫెండర్‌కు బలమంతా దానిలోనే ఉంది. ముందు మడత విప్పి తీగ బయటికి తీయాలి, తీగ చుట్టడానికి ఒక వేలు రేకు ఎక్కువ ఉంచుకుని కోయాలి, మళ్ళీ తీగ పెట్టి మడవాలి. నేను తీగతో సహా నరికి పారేశాను.

“పదకొండు దినాలు పక్కనే కూసున్నవ్ గద బిడ్డా. వైరు చుట్టంగ సూడలేదా?”

చూడలేదు. పదకొండో సాయంత్రం ఆయన అంచులు మడుస్తుంటే నేను డాలీ పక్కన పెట్టి ఫోన్ చూసుకుంటున్నాను. ఏడుపొచ్చింది. ఆపుకుందామనుకున్నాను గానీ ఆగలేదు, అక్కడే స్కూటర్ డొప్ప పక్కన కూర్చుని ఏడ్చాను. సీటు పోతుందని ఏడ్చానా, ఆయన పని పాడు చేశానని ఏడ్చానా అంటే రెండూను. ముందు సీటు గురించి, తర్వాత రెండోదాని గురించి.

మా నాయిన లేచి వచ్చి నా చేతిలోంచి ఫెండర్ తీసుకున్నాడు. వెలుగులో పెట్టి చూశాడు. ఆయన కళ్ళలో నవ్వు కనబడింది.

“గిప్పుడు దెబ్బ తిన్నది,” అన్నాడు. “గిప్పుడు ముట్టుకుంట.”

నేను కోసి పారేసిన ముక్కలోంచే ఒక వేలు వెడల్పు పట్టీ తీశాడు. గ్యాస్‌తో అంచుకు అతికించాడు. అతుకును సుత్తితో కొట్టి, ఆకురాయితో రాకి, మళ్ళీ కొట్టి, తీగ పెట్టి మడిచాడు. గంటన్నర పట్టింది. ఈసారి నేను ఫోన్ ముట్టలేదు. చివరికి అతుకు ఎక్కడుందో వెతికితే నాకే దొరకలేదు. పాత ఒంపు, పాత బిగువు, రెండు వేళ్ళు పొట్టి, అంతే తేడా.

రెండో ఫెండర్ నా ముందు పెట్టాడు. “గిది నీది.”

“నాయినా, ఇది కూడ నువ్వే—”

“దీనికి దెబ్బ లేదు.”

పట్టకారు అందుకున్నాను. మడత విప్పడానికే గంట పట్టింది. తీగ తీశాను, వేలు మిగిల్చి కోశాను, తిరిగి చుట్టడం మొదలుపెట్టాను. ఒకచోట బిగిస్తే పక్కచోట లేస్తుంది. ఇక్కడ నొక్కితే అక్కడ అల తేలుతుంది. పట్టకారు మంచిది కాదన్నాను, తీగ మొండిదన్నాను, ఎండ కళ్ళలో పడుతోందన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఉంది నా వాలకం. మా నాయిన స్టూలు మీద రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఎందుకలా కూర్చున్నావంటే, “బయట ఉంటె ఊకోవు,” అన్నాడు.

మధ్యాహ్నం అన్నం చల్లారిపోయాక నా పని ముగిసింది. ఫెండర్ బిగువుగానే ఉంది, వణకడం లేదు. కానీ అంచు మాత్రం చిన్నపిల్ల గీసిన గీతలా మూడు చోట్ల వంకర పోయింది. మా నాయిన గుడ్డ పరిచి, కళ్ళు మూసుకుని అరచెయ్యి జరిపాడు. మూడు చోట్లా ఆగాడు. గుడ్డ భుజం మీద వేసుకుని స్కూటర్ దగ్గరికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

సోమవారం వర్క్‌షాపులో రెండూ బిగించాం. మళ్ళీ సుద్ద, మళ్ళీ ఇటుకలు, మళ్ళీ ఇద్దరు బరువైనవాళ్ళు. స్టీరింగ్ ఎటు తిప్పినా ఫెండర్లకు సుద్ద అంటలేదు. అందరూ ఈల వేశారు. శశి బండి చుట్టూ తిరిగి ఒక ఫెండర్ దగ్గర వంగాడు.

“ఇదీ పనంటే! కోసినట్టు కూడా తెలియడం లేదు.” రెండో వైపు వెళ్ళి ముఖం చిట్లించాడు. “ఇదేంటి కరుణా, ఇక్కడ చెయ్యి జారిందా? పర్లేదులే. ఇది తీసి తుక్కులో పడేద్దాం. నీకు ఒక పూట పనేగా, రేపటికి దానిలాంటిది ఇంకోటి చేసెయ్.”

ఇంకో “మరి!” అంటే సరిపోయేది. ఇంటికెళ్ళి నాయిన కాళ్ళావేళ్ళా పడితే రాత్రంతా కూర్చుని కొత్త రేకుతో కొత్తది చేసేవాడే, దానికి ఆయన ఆన అడ్డం రాదు. సీటు నాకే ఉండేది. ఆ మాట నాలుక చివరదాకా వచ్చింది. ఇంతలో శశి స్పానర్ తీసుకుని ఆ వంకర ఫెండర్ నట్టు మీద పెట్టాడు. తుక్కు డబ్బా వైపు చూశాడు.

“దాన్ని ముట్టకు!” అని అరిచాను. “మొత్తం బండిల నేను చేసింది అదొక్కటే!”

ఇంక దాచి లాభం లేదు. చెప్పేశాను. నాలుగూ మా నాయిన చేశాడని, నేను డాలీ పట్టుకున్నానని, నిన్న ఒకటి తెగనరికితే ఆయనే బాగుచేశాడని, ఈ వంకర అంచు మాత్రం నాదని. చెప్పేటప్పుడు కోపంగానే చెప్పాను, తప్పు వాళ్ళదైనట్టు. చివరికి వచ్చేసరికి కోపం అయిపోయింది, నవత వైపు చూడలేకపోయాను.

“సీటు నీదే నవతా. రెండు నెలల కిందనే నీది.”

శశి స్పానర్ కింద పెట్టాడు. టక్ చేసిన చొక్కాను మళ్ళీ టక్ చేసుకున్నాడు. “అయితే నేనూ ఒకటి చెప్పాలి,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “టైర్లు తప్పు నొక్కాను.”

“అది మాకు తెల్సు,” అంది నవత.

దానియేలు సార్ అద్దాలు తీసి తుడుచుకుంటూ, “ఇంకెవరన్న ఉన్నరా? చెప్పుకునేటోళ్ళుంటె ఇప్పుడే చెప్పుకోండ్రి, చాయ్ టైమ్ అయితున్నది,” అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను గానీ, నవత సీట్లో కూర్చుని బెల్టు తన కొలతకు సర్దుకుంటుంటే అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాను. నాకు చాలా బాధేసింది. తప్పు నాదైతే బాధ తక్కువుంటుందని ఎవరన్నా అంటే నమ్మకండి.

సాయంత్రం షెడ్డుకు వెళ్ళి స్టూలు మీద కూలబడ్డాను.

“సీటు పోయింది నాయినా.”

జరిగిందంతా విన్నాడు. “నీది గానిదాన్ని పోయింది అనరు బిడ్డా. వాపస్ ఇచ్చినం అంటరు,” అన్నాడు. సుత్తితో నాలుగు దెబ్బలు వేసి ఆపాడు. “నా పేరు చెప్పినవా?”

“చెప్పిన.”

“ఏమని?”

“లక్ష్మయ్య అని. మా నాయిన అని.”

మళ్ళీ నాలుగు దెబ్బలు. “రేపు ఎన్ని గంటలకు నడిపిస్తరు?”

మంగళవారం ఏడు గంటలకల్లా మా నాయిన క్యాంపస్ వెనక మైదానానికి వచ్చాడు. తార్నాకలో ఇన్నేళ్ళు ఉండి, ఈ రోడ్ల మీద ఎన్ని బండ్లు తోలాడో, లోపలికి మాత్రం ఎప్పుడూ రాలేదు. మా మేనత్త కూతురి పెళ్ళికి కుట్టించిన చొక్కా వేసుకున్నాడు. భుజం మీద మాత్రం అదే గుడ్డ.

“మా నాయిన,” అన్నాను అందరితో. “ఫెండర్లు చేసింది ఈయననే.”

“నమస్తే అంకుల్!” అని శశి చెయ్యి కలిపాడు. దానియేలు సార్ ముందుకొచ్చి, “అన్నా, మిషన్ మీద చేసినయ్ అనుకున్న,” అన్నాడు. మా నాయిన సిగ్గుపడ్డాడు. ఆయన సిగ్గుపడటం నేను ఎన్నడూ చూడలేదు.

నవత బండి ఎక్కింది. మిడత గుర్రుమని రాళ్ళ మీదికి పోయింది. తుప్పల్లోంచి నెమళ్ళు రెండు కోపంగా అరుచుకుంటూ లేచిపోయాయి. గుంతలో పడి లేచేటప్పుడు ముందు చక్రాలు ఫెండర్లలోకి పూర్తిగా దూరాయి, అక్కడే మలుపు కూడా తీసింది. చెవులు రిక్కించాను. రాపిడి చప్పుడు లేదు. ఆ అమ్మాయి నాకంటే బాగా నడుపుతోంది, ఆ మాట కూడా చెప్పేస్తే ఓ పనైపోతుంది.

మూడు రౌండ్లు తిరిగి బండి వచ్చి ఆగింది. ఒళ్ళంతా దుమ్ము. మా నాయిన ఎవరూ అడగకుండానే దాని దగ్గరికి వెళ్ళాడు. గుడ్డ పరిచి కళ్ళు మూసుకున్నాడు. వెనకవి రెండూ చూశాడు, చెయ్యి ఆగలేదు. ముందు ఒకటి చూశాడు, ఆగలేదు. చివరిదాని అంచు దగ్గర చెయ్యి ఆగింది. కొంచెం జరిగి మళ్ళీ ఆగింది. మూడోచోట అక్కడే ఉండిపోయింది. అందరూ చూస్తున్నారు. నేను భూమిలోకి కూరుకుపోతున్నాను.

మా నాయిన కళ్ళు తెరిచి దానియేలు సార్‌కు, శశికి, నవతకు, అక్కడున్న అందరికీ వినబడేట్టు అన్నాడు. “ఇది నా బిడ్డ చేసింది.”

“నాయినా, నవ్వుతరు. పోటీలల్ల అందరు చూస్తరు,” అన్నాను. “జర సుత్తి పెట్టి సాపు చెయ్యరాదు.”

“దెబ్బ ఏడున్నది?”

“దెబ్బ లేదు. గని వంకర—”

“బాగున్నదాన్ని నేను ముట్ట బిడ్డా,” అని గుడ్డ దులిపి భుజం మీద వేసుకుని, ఇక్కడ చాయ్ ఎక్కడ దొరుకుతుందని దానియేలు సార్‌ను అడిగాడు.

కళ్ళు తుడుచుకోవడానికి నేను ఆ గుడ్డే లాక్కున్నాను. దాని నిండా మిడత దుమ్ము. ముఖమంతా అయింది, కడుక్కోలేదు.